నలభై మూడు కాళ్ళు

"మూడున్నరకు జీపు కదుల్తది. నాలుగున్నరకు ఆమెను మేజిస్ట్రేటు ముందర నిలబెడ్త. ఈ నడుమల నువ్వు డిటెక్టివ్ ఆట ఆడుకుంటనంటే ఆడుకో," అన్నాడు సి.ఐ. యాదగిరి, చేతి గడియారం చూసుకుంటూ.

అప్పటికి టైము పన్నెండూ ఇరవై.

 ధనుంజయ్ సూర్యాపేట నుంచి బస్సులో నిలబడే వచ్చాడు. పోలియో తిన్న ఎడమ కాలు కాలిపర్ లోపల సలుపుతోంది. అయినా యాదగిరి ముందు కూర్చోబుద్ధి కాలేదు. కూర్చుంటే ఓడిపోయినట్టే అనిపించింది.

సూర్యాపేటలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్ళికొడుకు చెప్పిన జీతం నిజమో కాదో కనుక్కొచ్చేవాడని అర్థం. పదకొండేళ్ళుగా ధనుంజయ్ అన్నం తింటున్నది చాలావరకు దాని మీదే. హత్య కేసులో వేలు పెట్టడం ఇది రెండోసారి. మొదటిసారి కూడా ఎదురుగా ఉన్నది ఈ యాదగిరే. అప్పుడు ధనుంజయ్ చెప్పిందే నిజమని తేలింది. ఆ సంగతి ఊరంతా మర్చిపోయినా యాదగిరి మర్చిపోలేదు.

ఇక్కడ జరిగింది ఇదీ. మిర్యాలగూడలోని 'అండదండ' వికలాంగుల సేవా కేంద్రం సర్కారు సొమ్ముతో నడుస్తుంది, దాని మేనేజరు తిరుపతయ్య. చచ్చుబడిన కాలికి ఇనుప ఊచలూ తోలు పట్టీలూ బిగించి మనిషిని నిలబెట్టే కాలిపర్లు ఇక్కడే తయారవుతాయి. వాటిని చేసేది దేవదాసు. ఈ రోజు పొద్దున ఆరున్నరకు ఆ దేవదాసు తన వర్క్‌షాపులోనే తల పగిలి పడి ఉన్నాడు. పక్కన ఒక ఇనుప ఊచ. ముందు వరండాలో లింగమ్మ అనే కూలి మనిషి తొమ్మిదేళ్ళ కూతురు గీతను పొదువుకుని నిద్రపోతోంది. గీత కాలికి కొత్త కాలిపర్ ఉంది. దానికి ఫీజు కట్టిన రసీదు లేదు. నిన్న సాయంత్రం ఆ ఫీజు దగ్గరే లింగమ్మ పెద్ద లొల్లి చేసిందని పదిమంది చెప్పారు. యాదగిరికి ఇంకేం కావాలి?

కానీ నిన్న రాత్రి ఎనిమిదీ పదికి ధనుంజయ్‌కి దేవదాసు ఫోన్ చేశాడు. "సారూ, రేపు జర పొద్దుగాల్నే రాండ్రి. మీ కాలు సంగతి ఒకటి చెప్పాలె. ఫోన్ల చెప్పేది కాదు," అన్నాడు. ధనుంజయ్ కాలిపర్ చేసింది కూడా దేవదాసే. పట్టీ ఏదో మార్చాలంటాడు కాబోలు అనుకుని ధనుంజయ్ హాయిగా పడుకున్నాడు. రాత్రే బస్సెక్కి ఉంటే ఆ మనిషి బతికేవాడేమో. పొద్దుట్నుంచి ఆ మాట లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది.

లింగమ్మను స్టోరు గదిలో ఉంచారు. కిటికీకి ఇనుప జాలీ, తలుపు దగ్గర లేడీ కానిస్టేబుల్. గీత తల్లి కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నిన్న లొల్లి ఎన్నింటికయింది లింగమ్మా?" అడిగాడు ధనుంజయ్.

"ఐదున్నర గొట్టంగ. అన్నీ ఉత్తగనే ఇస్తమని గోడ మీద రాసిన్రు సారూ. తీరా చేతికిచ్చే యాళ్ళకు పన్నెండు నూర్లు గట్టమన్నరు. నా బిడ్డకొచ్చే పింఛినే ఐదు నూర్లు. యాడికెల్లి తేవాలె? తిరపతయ్య సారేమో, లేకపోతె ఇడిసిపెట్టి పో అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నీ చేతులిరిగిపోను అన్న. తిరపతయ్యను అన్న సారూ! దేవదాసన్నను అన్ననని రాస్కున్నడు గా పోలీసాయన. దేవదాసన్నను నేనెందుకంట?"

"మరి కాలిపర్ నీ చేతికెట్లొచ్చింది?"

"ఏడు గొట్టంగ అందరు పోయిన్రు. దేవదాసన్న బయటికొచ్చి పిల్లను ఎత్కపోయిండు. ఆయనే బిగించి నడిపిచ్చి సూసిండు. దీని పైసలు సర్కారు ఎప్పుడో కట్టిందమ్మా, నీకాడ మళ్ళెందుకు అన్నడు. గప్పటికి నేరేడుచర్ల బస్సు ఎల్లిపొయింది. గందుకే వరండల పండుకున్నం."

"నువ్వు వర్క్‌షాపు లోపలికి పోయినవా?"

"లే. గుమ్మంకాడ్నె నిలబడ్డ. కింద ముగ్గుపిండి పోసుండె. తొక్కకమ్మా అన్నడు."

"తర్వాత ఏమన్న సప్పుడు విన్నవా?"

లింగమ్మ ఆలోచించింది. "తొమ్మిదింటికి కరెంటు వొయింది. గప్పుడు యెనక తలుపు తీసిన సప్పుడైంది. దేవదాసన్న ఇంటికి వోతుండనుకున్న." కళ్ళు తుడుచుకుని ధనుంజయ్ వైపు చూసింది. "నన్ను తీస్కపోతె పిల్లనేం జేస్తరు సారూ?"

లేడీ కానిస్టేబుల్ జవాబు చెప్పింది. "ఈడి హాస్టల్లనే ఉంచుతరట. తిరుపతయ్య సారు జిమ్మ తీసుకుంటనని రాసిచ్చిండు."

లింగమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె ఏడ్వలేదు. పిల్ల చేతిని మాత్రం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.  కాలు రాని పిల్లను ఎవరి ఇంట్లో ఎవరు వదిలి వెళ్తారో, ఆ పిల్ల రోజంతా ఎవరి పిలుపు కోసం చూస్తుందో ధనుంజయ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. పదేళ్ళ వయసులో అతనూ అలాగే ఒక హాస్టల్ మూల కూర్చున్నవాడే.

వర్క్‌షాపులో శవం లేదు. దవాఖానకు పంపారు. శవం పడి ఉన్న చోట సుద్దముక్కతో గీసి ఉంచారు. ఆ చోటు చుట్టూ గదికి నట్టనడుమ చాప వెడల్పున నీలంగా పొడి పరిచి ఉంది.

"ఇదేంది?" అన్నాడు యాదగిరి, వెనకాలే వచ్చి.

"ముగ్గుపిండిల నీలిమందు కలిపిండు సార్. ఇది దేవదాసు పద్ధతి. కొత్త కాలిపర్ బిగించినంక మనిషిని దీని మీద పదడుగులు నడిపిస్తడు. ఏ దిక్కు బరువు ఎక్కువ పడుతుందో అడుగులే చెప్తయి. గదంత ప్లాస్టర్ దుమ్ముతోని తెల్లగ ఉంటది, అందుకే నీలం కలుపుతడు. నన్ను గూడ నడిపించిండు."

ధనుంజయ్ గోడ పట్టుకుని వంగి చూశాడు. చిన్న అడుగులు, ఒకటి బూటు, ఒకటి ఉత్తపాదం. అవి గీతవి. వాటికి ఎదురుగా వెనక్కి నడిచిన పెద్ద పాదాలు. పిల్ల చేతులు పట్టుకుని వెనక్కి నడిచిన దేవదాసువి. రెంటి మీదా పడ్డ ఇంకో రకం అడుగులున్నాయి, సగం చెరిగిపోయి, మడమ మాత్రం లోతుగా. అవి జోళ్ళ అడుగులు.

"అవి మా కానిస్టేబుళ్ళవి," అన్నాడు యాదగిరి.

"కావొచ్చు సార్. కానీ లింగమ్మ పాదాలు చూసిన్రా? నాట్లేసే మనిషి, మడమలు బీటలు వారిపోయినయి. ఆ పగుళ్ళల్ల ఎర్రమట్టి ఉంది. నీలం ఒక్క పిసరు గూడ లేదు. దేవదాసు పడ్డది ఈ పొడి నడుమ. కొట్టినోడు దీన్ని తొక్కకుండ కొట్టలేడు."

"కడుక్కుని ఉంటది."

"ఎర్రమట్టిని ఉంచి నీలాన్ని ఒక్కదాన్నే కడుక్కుందా?"

యాదగిరి దవడ బిగిసింది. "ధనుంజయ్, నీ పగుళ్ళ పురాణం కోర్టుల నడువది. ఆమె బెదిరించింది, ఆమె చేతుల మాల్ దొరికింది, రాత్రి ఈడ్నే ఉంది. ఇంకో మనిషిని చూపియ్యి, ఆ మనిషికి దేవదాసును చంపాల్సిన అవసరం ఏముందో చూపియ్యి. చూపిస్తే వింట. లేకపోతే మూడున్నరకు జీపు."

టైము ఒకటీ యాభై.

తిరుపతయ్య ఆఫీసు గది చల్లగా, శుభ్రంగా ఉంది. మనిషి కూడా అలాగే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే గోధుమరంగు బూట్లు. కోదాడ మనిషి, మాటకు ముందో 'అండి', వెనకో 'అండి'.

"పొద్దున శవాన్ని మొదట చూసింది మీరేనట?"

"అవునండి. ఆరున్నరకు. గుమ్మం దగ్గర్నుంచే చూసి, అక్కడి నుంచే పోలీసులకు ఫోన్ చేశానండి. లోపల అడుగు పెట్టలేదు. సి.ఐ. గారికి అదే రాసి సంతకం కూడా పెట్టానండి."

"రాత్రి తొమ్మిదింటికి?"

"ఇంట్లో. ఏడింటికే వెళ్ళిపోయాను."

ధనుంజయ్ గోడ వైపు చూపించాడు. 'అన్ని సేవలూ ఉచితం' అని ఎర్ర పెయింటు. దాని కింద చేత్తో రాసిన కాగితం: కొలతకు నూట యాభై, పట్టీలకు మూడొందల యాభై, బిగింపుకు ఆరొందలు, ఫైలు ఖర్చు వంద.

"పైన ఉచితం, కింద పన్నెండొందలు. ఏది నిజం?"

తిరుపతయ్య నవ్వాడు. "రెండూ నిజమేనండి. కాలిపర్ ఉచితం. కొలవడం, బిగించడం సేవలు కదండీ. ఆ ఖర్చు ఎవరిస్తారు?"

"సర్కారు ఇస్తది. ఒక్కో కాలిపర్‌కు మూడువేల నాలుగొందలు. కొలత, పట్టీలు, బిగింపు, మూడు నెలల రిపేరు అన్నీ అందులోనే కలిసి ఉన్నయి. సర్కులర్ల నాలుగో పేరాల ఉన్నది. ఒకే పనికి మీరు రెండు దిక్కుల వసూలు చేస్తున్నరు."

"సర్కులర్ బాగానే చదివారండీ. ఈ కూలివాళ్ళకు మాత్రం అది తెలిసేది కాదు. దేవదాసే ఒక్కొక్కరికీ చదివి వినిపించడం మొదలుపెట్టాడు. మంచివాడే పాపం."

"పన్నెండొందల కోసం మనిషిని చంపరు. బిల్లుల ఫైళ్ళు చూపించండి."

వద్దంటాడని, వారెంటు అడుగుతాడని ధనుంజయ్ అనుకున్నాడు. తిరుపతయ్య సొరుగులోంచి తాళంచెవి తీసి తనే బీరువా తెరిచాడు. "నిదానంగా చూసుకోండి," అని గది తలుపు దగ్గరికి వేసి, కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. అంత ధారాళం చూసి ధనుంజయ్‌కి భయం వేసింది. దొంగ తనే దీపం పట్టుకుని చూపిస్తున్నాడంటే ఆ ఇంట్లో ఉన్నది మన సామానే అయి ఉండాలి.

2011 మార్చి బిల్లుల్లో నలభై మూడు కాలిపర్లు ఉన్నాయి. ప్రతి బిల్లుకూ మడిచిన పొడుగాటి ఖాకీ కాగితం. దాని మీద కాలు చాపించి పెన్సిల్‌తో చుట్టూ గీస్తారు. మోకాలి దగ్గర ఒక ఇంటూ గుర్తు, చీలమండ దగ్గర ఒకటి. కాలి బొమ్మ లేకపోతే బిల్లు పాసవదు.

మొదటి కాగితం తుంగతుర్తి పిల్లవాడిది, వయసు ఏడు. ధనుంజయ్ జానతో కొలిచాడు. ఏడేళ్ళ పిల్లవాడికి అంత పొడుగు కాలు ఉండదు. రెండో కాగితం కోదాడ ముసలమ్మది. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. గీతలు రెండూ ఒకటైపోయాయి. మూడోది, నాలుగోది, పదోది పెట్టి చూశాడు. అన్నీ ఎడమ కాళ్ళే. అన్నింటికీ పిక్క సన్నం, పాదం లోపలికి తిరిగి ఉంది, రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది.

"ఒక్క కాలు గీసి నలభై మూడు బిల్లులు పెట్టిన్రు!" అన్నాడు. గొంతులో గెలుపు దాగలేదు. "మనుషులు లేరు, కాలిపర్లు లేవు, డబ్బు మాత్రం వచ్చింది. దేవదాసు ఇది బయటపెడ్తనని ఉంటడు. ఇగ కారణం దొరికింది."

"దొరికిందండి," అన్నాడు తిరుపతయ్య, కదలకుండా. "ఎవరి కాలో కూడా చూసుకోండి."

ధనుంజయ్ మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. రెండో వేలు, బొటనవేలు. తన కాలిని ముప్పై ఎనిమిదేళ్ళుగా మోస్తున్నవాడు, దాని ఆకారం మాత్రం ఎప్పుడూ కాగితం మీద చూసుకోలేదు. గది గోడలు నాలుగూ ఒక్క అడుగు దగ్గరికి జరిగినట్టయింది.

"కింద సంతకాలు కూడా చదవండి. 'కొలత నా సమక్షంలో జరిగినది, లబ్ధిదారుల కమిటీ సభ్యుడు.' ఎవరండీ ఆ సభ్యుడు?"

సంతకం తనదే. దొంగ సంతకం కాదు, అచ్చంగా తను పెట్టిందే. రెండేళ్ళ కిందట సూర్యాపేట క్యాంపులో పొద్దుట్నుంచి లైన్లో నిలబడి కాలు వాచిన వేళ, తిరుపతయ్య వచ్చి 'సార్' అని పిలిచి కుర్చీ వేశాడు. మీలాంటి చదువుకున్నవాళ్ళు కమిటీలో ఉండాలన్నాడు. ఖాళీ ఫారాల కట్ట ముందు పెట్టి ఇక్కడొకటి, ఇక్కడొకటి అన్నాడు. ఊళ్ళో వాళ్ళ సంతకాలన్నీ భూతద్దం పెట్టి చూసే డిటెక్టివ్, తనను సార్ అన్నారన్న సంబరంలో గుడ్డిగా గీకేశాడు. సిగ్గుతో చెవులు మండాయి.

"ఇంకోటి కూడా ఉందండి," తిరుపతయ్య గొంతు ఇంకా మెత్తబడింది. "నెలకు ఆరున్నర వేల లోపు వచ్చేవాళ్ళకే పూర్తి ఉచితం. పైన ఉంటే సగం ధర కట్టాలి. మీకు తొమ్మిది వేలు వస్తాయి. ఆరు వేలని సర్టిఫికెట్ తెప్పించింది నేనే. మీరు మిగుల్చుకున్నది పదిహేడొందలు. కేసులో దాన్ని మీ వాటా అంటారండి."

బయట జీపు స్టార్టు చేసిన శబ్దం. టైము మూడూ ఇరవై అయిదు. లింగమ్మ గొంతు వినిపించింది, మాటలు కాదు, ఒట్టి అరుపు. దాని మీద పిల్ల ఏడుపు.

"కాగితాలు బీరువాలో పెట్టేయండి. నేను తాళం వేస్తాను. మీరు బస్సెక్కండి. ఆ లింగమ్మకు బెయిలుకు మంచి వకీలును నేనే పెడతాను, మాటిస్తున్నా."

ధనుంజయ్ కాగితాల కట్ట చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. అతనికి నిజంగానే భయం వేసింది. జైలంటే భయం, ఊళ్ళో మొహం ఎలా చూపాలన్న భయం. ఒక్క క్షణం బీరువా వైపు చూశాడు కూడా. కానీ పిల్ల ఏడుపు ఆగలేదు. 'మీ కాలు సంగతి ఒకటి చెప్పాలె' అన్న దేవదాసు ఎందుకు రమ్మన్నాడో ఇప్పుడు అర్థమైంది. ధనుంజయ్‌ని నిందించడానికి కాదు, ముందుగా హెచ్చరించడానికి.

"యాదగిరి సార్!" కిటికీలోంచి గొంతు చించుకుని అరిచాడు. "జీపు ఆపండి!"

యాదగిరి తలుపు తోసుకుని వచ్చేసరికి ధనుంజయ్ నేల మీద కూర్చుని ఉన్నాడు. కాలిపర్ పట్టీలు విప్పి పక్కన పెట్టాడు. ఒక ఖాకీ కాగితం పరిచి, తన సన్నటి కాలిని దాని మీద చాపాడు. గీతకూ చర్మానికీ మధ్య వెంట్రుక దూరలేదు.

"నలభై మూడు బిల్లులు సార్. అన్నిట్ల నా కాలే, నా సంతకమే. దేవదాసు నిన్న నాకు ఫోన్ చేసింది ఇదే చెప్పనీకి. మీరడిగిన కారణం ఇదీ."

యాదగిరి కాగితాన్ని చూశాడు, కాలిని చూశాడు. నవ్వలేదు. "అంటే నిన్ను గూడ తీస్కపోవాలె."

"తీస్కపోండి. ఆమెను దింపండి."

"కారణం చూపించినవ్. అది నీకు గూడ ఉన్నట్టే గద. మనిషేడి?"

"చూశారా, సి.ఐ. గారూ," తిరుపతయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, జాలిపడుతున్నట్టు తలాడిస్తూ. "నేనే మీకు చెబుదామనుకుంటున్నానండి. పాపం, అవిటివాడని ఊరుకున్నాను."

కాలిపర్ లేని ధనుంజయ్ లేవలేడు. అందరూ నిలబడి ఉంటే అతనొక్కడే నేల మీద. అక్కడి నుంచి మనుషుల మొహాలు సరిగా కనపడవు, కాళ్ళే కనపడతాయి. అతని మొహానికి జానెడు దూరంలో తిరుపతయ్య గోధుమరంగు బూటు ఉంది. పైన అద్దంలా పాలిష్. అట్టకూ తోలుకూ మధ్య కుట్టు వెంబడి, బ్రష్ పోని సందులో, సన్నటి నీలం చార ఉంది.

ధనుంజయ్ రెండు చేతులతో ఆ బూటును చీలమండ దగ్గర ఒడిసి పట్టుకున్నాడు. తిరుపతయ్య తూలి బీరువా పట్టుకున్నాడు.

"నా కాలు చూసిన్రు గద సార్. ఇప్పుడు ఈయన కాలు చూడండి."

యాదగిరి వంగాడు. చొక్కా జేబుకున్న గుండుసూది తీసి కుట్టులో గీకాడు. గోరు మీద నీలం పొడి పడింది. ఆ గోరును తిరుపతయ్య వైపు తిప్పాడు.

"పొద్దున... కంగారులో ఒక అడుగు లోపల పెట్టానేమోనండి."

"గుమ్మం దాటలేదని సంతకం పెట్టినవ్ గద," అన్నాడు యాదగిరి మెల్లగా. "ఇయ్యాల సంతకాలు ఎవ్వరికీ అచ్చి రాలే."

లింగమ్మను జీపులోంచి దింపారు. "పిలిస్తే రావాలె," అన్నాడు యాదగిరి, ఆమె మొహం చూడకుండా. ఆమె దిగి ఎవరికీ దండం పెట్టలేదు, నేరుగా పిల్ల దగ్గరికి పరిగెత్తింది. గీత వరండా స్తంభం పట్టుకుని కొత్త కాలిపర్ మీద నిలబడి ఉంది, తల్లి చేయి అందేదాకా.

ధనుంజయ్ కాలిపర్‌ను సాక్ష్యమని సంచిలో వేసి సీలు చేశారు. కానిస్టేబుల్ అతన్ని చిన్నపిల్లాడిలా ఎత్తి జీపు వెనక కూర్చోబెట్టాడు. ఎదురు బెంచీ మీద తిరుపతయ్య, ఒట్టి కాళ్ళతో. వెనక తలుపుకు గొళ్ళెం పడింది. ఇప్పుడు ఆ తలుపు తెరిచి వదిలేసినా ధనుంజయ్ ఎక్కడికీ పోలేడు.

ఇంజను మోతలో ముందు కూర్చున్న యాదగిరికి వినపడనంత మెల్లగా తిరుపతయ్య అన్నాడు: "నలభై మూడే అనుకుంటున్నారా? అది మిర్యాలగూడ బీరువా. కోదాడలో ఇంకోటి ఉందండి. అందులో రెండొందల పది. అన్నీ మీ కాలే."

ధనుంజయ్ ముందుకు వంగాడు. "ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

తిరుపతయ్య జాలీలోంచి బయటికి చూశాడు. అతని మొహంలో మొదటిసారి భయం కనిపించింది. అది పోలీసులను చూసి వేసిన భయం కాదు.

"నా దగ్గర లేదండి. నిన్న కరెంటు పోయాక దేవదాసు కూడా ఇదే అడిగాడండి."